ముక్కు అరిగిన ముత్యాలమ్మ

ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో ముత్యాలమ్మకు చాలాకాలం గుడి లేదు. జానెడు ఇత్తడి విగ్రహం పుల్లమ్మ ఇంట్లో వెదురుబుట్టలో ఉండేది. ఏడాదికోసారి కొలుపుల నాడు ఊరంతా తిరిగి మళ్లీ ఆ బుట్టలోకే చేరేది.

అత్త పోతూపోతూ ఆ బుట్టను పుల్లమ్మ చేతుల్లో పెట్టింది. ఇరవై ఆరేళ్లుగా అమ్మను తోమేది పుల్లమ్మే. త్రిశూలానికీ పీఠానికీ చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు. ముఖానికి మాత్రం బొటనవేలే. పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడి ఎర్రబారుతుందని వెంటనే కడిగి, పాత నూలుచీర ముక్కతో తడి లేకుండా ఒత్తేది.

2007లో ఊరికి గుడి వచ్చింది. కట్టించింది పుల్లమ్మ భర్త కుమారస్వామికి చిన్నాన్న కొడుకు పగిడయ్య. పంతం ఉన్నా, ఊరికి మంచి చేయాలన్న కోరిక నిజంగా ఉన్నవాడు. రెండడుగుల కొత్త విగ్రహం తెప్పించాడు. దానికి మెరుపు పోకుండా ఏదో పూత పూశారట. తోమే పనిలేదు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ముందు ఇనుప కటకటాలు పెట్టించి, పూజారి తప్ప ఎవరూ తాకకూడదన్నాడు. పాత విగ్రహాన్ని కరిగించి గుడికి గంట పోయిస్తామని, సోమవారం తెచ్చివ్వమని పుల్లమ్మకు కబురు పెట్టాడు.

ఆమె ఇవ్వలేదు. అన్నదమ్ముల మధ్య గొడవెందుకు, ఇచ్చెయ్యమని కుమారస్వామి రెండు రోజులు నచ్చజెప్పాడు. మూడో రోజు గుడి ముందు పంచాయితీకి పిలిచారు. పుల్లమ్మ బుట్ట చంకన పెట్టుకుని వెళ్లింది. మగవాళ్ల ముందు ఏనాడూ నోరెత్తని మనిషి.

పగిడయ్య మెల్లగానే మాట్లాడాడు.

"వదినా, ముక్కు లేదు, కండ్లు లేవు. అరిగిపోయిన బొమ్మకు మొక్కితే అరిష్టమని అయ్యగారు చెప్పిండు. గంట పోయిస్తే రెండు పూటలా అమ్మే మోగుతది. ఇంకేం కావాలె?"

చాలామంది తలలూపారు. పుల్లమ్మ బుట్ట మూత తీసింది.

"ముక్కు యాడికి పోయిందో తెల్వదా పగిడయ్యా? నీకు అమ్మవారు పోసిననాడు మీ అమ్మ పదకొండు దినాలు మా ఇంటికొచ్చింది. పొద్దున ఈ మొకానికి పసుపు రాసుడు, మాపటికి కడుగుడు. నువ్వు బతికినవ్. గట్ల ఊర్ల ఉన్న ఆడోళ్లందరి చేతులకే ఈ మొకం పోయింది. గిది పాడైందంటే ఎట్ల?"

పగిడయ్య చేయి తనకు తెలియకుండానే చెంప మీది స్ఫోటకపు మచ్చల మీదికి వెళ్లింది. అంతలోనే గొంతు పెంచాడు. అది ఊరి సొత్తు, నీ ఇంటిది కాదన్నాడు.

"అవ్, ఊరిదే. అందుకే నీకియ్య."

ఎవరో పెద్దాయన, కొత్తగూడెంలో పనివాడితో కళ్లూ ముక్కూ మళ్లీ చెక్కిద్దామని మధ్యేమార్గం చెప్పాడు. ఉలి పెడితే ఆ చేతులన్నీ లేచిపోతాయంది పుల్లమ్మ. మూత పెట్టి ఇంటికి నడిచింది. ఈసారి కొలుపులకు పాత అమ్మకు డప్పు లేదని, ఎవరూ ఆ గడప తొక్కకూడదని పగిడయ్య వెనకనుంచి ప్రకటించాడు.

కొలుపుల రోజు పొద్దున్నే పుల్లమ్మ విగ్రహాన్ని పెరట్లో కాక వీధివాకిట్లో పెట్టుకుని తోమింది. చూసేవాళ్లు చూడనీ అనుకుంది. పసుపు రాసి, వేపమండలు కట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుంది. ఊళ్లో అమ్మను ఎప్పుడూ మగవాళ్లే మోసేవారు. ఆమె ఒక్కతే, డప్పు లేకుండా, వీధిలోకి దిగింది.

మొదటి నాలుగు ఇళ్లవాళ్లు తలుపు తీయలేదు. అయిదో ఇంటి నాగలక్ష్మి బిందెతో బయటికొచ్చి పుల్లమ్మ కాళ్ల మీద నీళ్లు పోసింది. మొగుడు లోపలినుంచి పిలుస్తున్నా పలక్కుండా అమ్మ ముఖానికి పసుపు రాసింది. అది చూసి పక్కింటి ముసలమ్మ లేచింది. తర్వాత మరో రెండు తలుపులు తెరుచుకున్నాయి.

ఇరుకు సందు మధ్యలో కొత్త అమ్మను ఊరేగిస్తున్న ట్రాక్టరు ఎదురైంది. డప్పులు ఆగాయి. పక్కకు తప్పుకోమని పగిడయ్య చెయ్యి ఊపాడు.

"నేను జరగ," అంది పుల్లమ్మ. "నడిచొచ్చే అమ్మకు బండే దారియ్యాలె."

బండిని ముందుకు పోనివ్వమన్నాడు పగిడయ్య. డ్రైవరు లాలు అతని వైపు చూశాడు, బుట్ట వైపు చూశాడు. తర్వాత బండిని రివర్సు చేసి సందు మొగదాకా వెనక్కి తీశాడు. పుల్లమ్మ తల తిప్పకుండా దాటిపోయింది. కటకటాలు లేని అమ్మ వెంట అప్పటికి పదకొండు మంది ఆడవాళ్లున్నారు. ఊళ్లో ఇళ్లు డెబ్బై.

పగిడయ్య రెండేళ్లు పుల్లమ్మ గడప తొక్కలేదు. గుడికి గంట వేరే ఇత్తడితో పోయించారు. మంగళవారం మంగళవారం పుల్లమ్మ వాకిట్లో మాత్రం పసుపు గిన్నెలతో ఆడవాళ్లు కూర్చునేవారు. ఇంతమంది రుద్దితే మిగిలిన నోరు కూడా పోతుందని కుమారస్వామి ఒకరోజు గొణిగాడు.

"పోనీ," అంది పుల్లమ్మ, చింతపండు నానబెడుతూ.