బుడగలు లేచిన గోడ

ఆ షెడ్డులో తెల్లారేది రంగుల మేస్త్రి దగ్గుతోనే. ఆ దగ్గుకి పొట్టకూటికి దూరం నుంచి వచ్చిన నలభై మంది కట్టడం కూలీలూ ఒక్కసారే మంచాల మీద లేచి కూర్చునేవాళ్లు. చుట్టుపక్కల కోళ్లు సిగ్గుపడి కూతే మానేశాయి. మేస్త్రి అంతటివాడు మరి. టీ చల్లారేలోపు పన్నెండంతస్తుల మేడకి ఒంటిచేత్తో రంగు వేసేసేవాడు. అరచెయ్యి ఆనిస్తే చాలు, గోడలో ఆవగింజంత లోపమైనా దొరికిపోయేది.

ఆ షెడ్డు గోడకో అలవాటుంది. ఎవరికైనా ఆటలమ్మ పోసే ముందు, సరిగ్గా మూడు రోజులకి, వాళ్ల మంచం పక్కన సున్నం మీద నీటిబుడగలు లేచేవి. సూపర్‌వైజరు గోడ వైపు ఓసారి చూసి సెలవిచ్చేసేవాడు. ఆ మనిషి సబ్బూ దుప్పటీ సర్దుకుని పెరట్లోని విడిగదికి వెళ్లిపోయేవాడు.

ఈసారి కడ్డీలు వంచేవాడి పక్కన లేచాయి. కబురందుకుని నర్సమ్మ టీకాల పెట్టెతో వచ్చింది.

"చిన్నప్పుడు రానివాళ్లంతా వరసలోకి రండి. పెద్దయ్యాక వస్తే మనిషిని పిండేస్తుంది."

"నాకు ఐదో ఏటే వచ్చిందమ్మా," అన్నాడు మేస్త్రి. "ఒక్కో పొక్కూ కొబ్బరికాయంత. అయినా ఈ ఒంటికి సూది దిగదు, వంగిపోతుంది."

షెడ్డంతా నవ్వింది. మేస్త్రికే అక్కర్లేనిది మనకెందుకని సగం మంది వరసలోంచి జారుకున్నారు.

అందరికీ వండిపెట్టే మేస్త్రి చెల్లెలు మాత్రం నవ్వలేదు. ఆమెకి ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ టీకా వెయ్యకూడదనీ, చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకోవడమే ఆమెకి కాపలా అనీ నర్సమ్మ చెప్పి వెళ్లింది.

"అన్నయ్యా, ఒకే చాప మీద పెరిగాం. మనిద్దరిలో ఎవరికీ రాలేదు కదా?"

"మెల్లిగా అనవే. వింటారు."

కడ్డీలు వంచేవాడు విడిగదికి వెళ్లిన పద్నాలుగో రోజు పొద్దున మేస్త్రి దగ్గలేదు. నిద్దట్లో గోడకి ఆనిన అరచేతికి ఏదో తగిలింది. ఒకటి, రెండు, గుప్పెడు. వరసగా.

అతను వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. లోపల చెల్లెలు గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఒరే, అందరూ వినండి. నాకు ఆటలమ్మ ఎప్పుడూ రాలేదు. సూదంటే భయం. అందుకే అబద్ధమాడాను. నా మాట విని మానుకున్నవాళ్లు టీకా వేయించుకునేదాకా ఈ గుమ్మం దాటి రాకూడదు. తిండి బయటికే వస్తుంది."

"అంతటి మేస్త్రివి, సూదికా?" అన్నాడు తాపీ పనివాడు.

"దానికే. నవ్వుకుంటూనే పద, ముందు నువ్వే వేయించుకో."

నర్సమ్మ మళ్లీ వచ్చింది. మేస్త్రి చొక్కా చెయ్యి పైకి మడిచి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నీకు ఆలస్యమైపోయిందయ్యా. వాళ్లకి కాలేదు," అందామె.

మడత దించి, దుప్పటి భుజాన వేసుకుని విడిగదికి నడిచాడు. మూడో రోజు పోసింది. లెక్కపెడదామన్న నర్సమ్మ వెయ్యి దాటాక నిద్రపోయింది. చెల్లెలు పళ్లెం తెస్తే కిటికీలోంచి కేక: "అక్కడే పెట్టు. ఇంకో అడుగు వేశావో, తినను."

పొక్కులన్నీ ఎండి రాలాక తిన్నగా వంటగది వెనక చెల్లెలి గదికి వెళ్లాడు. అక్కడా అదే గోడ. ఈ మూల నుంచి ఆ మూలకి అరచేత్తో తడిమాడు. ఆరు వారాలకి అందరినీ రెండో సూదికి తోలుకెళ్లి వచ్చీ తడిమాడు. పాప పుట్టిన రోజు పొద్దునా తడుముతుంటే చెల్లెలు మంచం మీంచి అడిగింది.

"గోడ ఏమంటోంది అన్నయ్యా?"

జీవితంలో మొదటిసారి అతను ఏమీ కలపకుండా చెప్పాడు.

"ఏమీ లేదమ్మా."