శాంతయ్య డబ్బలు, పెంటమ్మ సున్నం

గిద్యోనుకు నునుపంటే పడదు. నున్నగ దువ్విన తల, నున్నగ మాట్లాడే నోరు, మడత నలగని అంగీ, ఏది చూసినా ఆయనకు ఒళ్లు మండేది. నాలుగో తరగతిల బడి ఒడిసింది. ఆ తర్వాత చదివిందంతా పొట్లాలు కట్టిన పాత పేపర్లల్లనే. అయినా అరవై తొమ్మిది ఎండకాలంల మొయినాబాద్‌ల మీటింగు పెడితే, గిద్యోను మాట్లాడందే జనం లేచిపోయేటోళ్లు కాదు. గోడల మీద జై తెలంగాణ అని రాసేది గూడ ఆయనే. అక్షరాలు వంకరొచ్చేటియి. వంకరుంటె ఉండనియ్, చదివెటోనికి మండాలె, అంతే, అనేటోడు.

చేవెళ్ల రోడ్డు మీద, మొయినాబాద్ దాటంగనే మలుపు కాడ, ఒక పాత నవాబు తోట, బాగ్ అంటరు, దాని గోడ ఉన్నది. ఎటు నుంచి వచ్చినా కండ్లకు కొట్టేటంత పొడుగు. ఆ సంవత్సరం రోడ్డు వెడల్పు చేస్తమని ఎర్ర మొరం తెచ్చి పోసిన్రు, ఉద్యమం మొదలుకాంగనే పని ఇడిసిపెట్టిపోయిన్రు. పోలీసు వ్యాన్లు ఆ మొరం మీదికెల్లి, ఆ గోడ ముందుకెల్లే పోవాలె. గిద్యోనుకు అంతకన్న మంచి పలక దొరకదు. ఇంట్ల గడపలకు పూసే ఎర్ర జాజు నీళ్లల్ల కలిపి, దొరికినప్పుడల్ల రాసేటోడు.

అయితే రాసిన మర్నాడే అక్కడ తెల్లటి సున్నం పడేది. వేసేది ఎవరో కాదు, గిద్యోనును కన్న తల్లి పెంటమ్మ.

ఊర్ల సున్నం పనికి పెంటమ్మ పెట్టింది పేరు. క్యాంపు వేసిన రిజర్వు పోలీసు జమేదారుకు రాసేది ఎవరో తెల్సు, గని రాసేటప్పుడు ఒక్కసారి గూడ చేతికి చిక్కలేదు. కొడుకు దొరకకుంటె తల్లి దొరకదా? పొద్దుగాల్నే మనిషిని పంపి కుంచె పట్టిచ్చి గోడ కాడ నిలబెట్టేటోడు. కూలి లేదు, గంజి లేదు. సున్నం తిని ఆమె వేళ్లు పగిలినయి. అన్నం కలుపుకుంటె చురుక్కుమనేది.

"నువ్వు రాసుడు, నేను పూసుడు. ఒక్క పొయ్యి కాడ రెండు సర్కార్లాయె బిడ్డా" అన్నది ఒకనాడు. కోపంగ అనలేదు. కోపంగ అంటె గిద్యోను తట్టుకునేటోడు.

రాయకుంటె జమేదారు గెలిచినట్టు. రాస్తె అవ్వ చేతులు పగులుతయి. తల్లి కుంచె ఎంత తిరిగినా చెరగని అక్షరం ఎట్ల రాయాల్నన్నదే గిద్యోను తలల తిరుగుతున్నది. అంతల జాజు గూడ అయిపోయింది. అమ్మితె దుకాణం మూయిస్తమని పోలీసులు కోమట్లను బెదిరిచ్చిన్రు. రంగు కోసం దేవులాడి దేవులాడి చివరికి శాంతయ్య ఇంటికి పోయిండు.

శాంతయ్య గిద్యోను తండ్రికి అన్న వరస. వయసుల ఉన్నప్పుడు గా బాగ్‌ల నవాబు మోటర్లు తుడిచేటోడు. పోలీసు యాక్షన్ అయినంక నవాబు పోయిండు, మోటర్లు పోయినయి. శాంతయ్య దగ్గర మిగిలినయి మోటర్లకు రుద్దే మైనం డబ్బలు, పాలిష్ డబ్బలు. మిగిలినయి ఊకె పెట్టుకోలేదు. శంకర్‌పల్లి కాడ ఎవరి బంగ్లల మోటర్‌ఖానా ఖాళీ చేస్తున్నరన్నా, పట్నంల జుమ్మేరాత్ బజార్ల పాత సామాను కుప్ప పోసిన్రన్నా, ఉరికేటోడు. మోటర్ లేనోనికి పాలిషెందుకు, గుర్రం లేనోడు జీను కొన్నట్టు, అని వాడంత నవ్వేది. ఆదివారం చర్చి అయినంక ఎవరన్న తల నున్నగ నూనె పెట్టుకొని కనపడితే, శాంతయ్య డబ్బ తెరిచిండా ఏందిరా అనేటోళ్లు.

ఇంట్ల మంచం కంటె పెద్దగ ఉన్నది ఆ డబ్బల అల్మార. చాయపత్తి పెట్టెల చెక్కతోని చేసుకున్నడు. గుండ్రటియి, చప్పటియి, పక్కన చెవి తిప్పితె మూత లేచేటియి. ఒకదాని మీద దీపస్తంభం, ఒకదాని మీద టోపీ పెట్టిన తెల్లోడు. ఇంగ్లీషు చదవరాదు శాంతయ్యకు. ఆయన లెక్క వేరే. ఇది ఆస్టిన్‌ది, ఇది డాడ్జ్‌ది, ఇది బేగం సాబ్ ఎక్కే నల్ల మోటర్‌ది. ఎండి నెర్రెలిచ్చినదాన్ల తార్పిన్ నూనె చుక్కలేసి ఎండల పెడితే మళ్ల వెన్నోలె అయితది. మూత తీస్తే ఇల్లంత ఒక వాసన. గా వాసన పీల్చుకుంట ఒక్కొక్క డబ్బ కథ చెప్పవట్టె. గిద్యోను కాలు నేలకు తడుతున్నడు.

పై వరసల హంస బొమ్మ డబ్బ ఒకటి మూత గూడ కదలకుండ ఉన్నది. అది ఏ మోటర్‌ది అని అడగలేదు గిద్యోను. శాంతయ్యే చెప్పిండు. నవాబు విలాయత్ నుంచి కొత్త మోటర్ తెప్పిస్తనని పాలిష్ ముందే తెప్పిచ్చిండట. డబ్బ వచ్చింది, పోలీసు యాక్షన్ గడ్‌బడ్‌ల మోటర్ రాలేదు. దీనికి మోటర్ లేదు, మంచి మోటర్ కోసం చూస్తున్న అన్నడు.

గిద్యోనుకు ఓపిక ఒడిసింది. "పోరగాండ్లు తుపాకులకు ఎదురుపోతున్నరు పెద్దబాపూ. నువ్వు దొరల మోటర్ల జిడ్డుకు కాపలుంటున్నవు."

శాంతయ్య హంస డబ్బను సరిగ జరిపిండు. గిద్యోను కండ్లు ఒక డబ్బ మీద పడ్డయి. మీద ఎర్ర కారు బొమ్మ. ఎర్ర కారు ఉన్నదంటె లోపట ఎర్ర రంగే ఉంటదనుకున్నడు. ఇయ్యిమని అడగలేదు, గుంజుకున్నడు. ముసలాయన అడ్డం రాలేదు. వెనకనుంచి ఒక్కటే మాట వినపడ్డది.

"మూత గట్టిగ పెట్టు బిడ్డా, ఎండుతది."

మర్నాడు పొద్దు పొడిచే యాళ్ల, పోలీసులు చాయ తాగుతున్నంత సేపట్ల, గిద్యోను గోడ కాడికి పోయిండు. డబ్బ తీసి చూస్తే లోపట ఎరుపు లేదు, తెల్లగ జున్ను తీర్గ ఉన్నది. పేలికకు అద్ది గీసిండు. ఏం కనపడలేదు. ఇంకోడైతే అక్కడ్నే పారేసి పోయేటోడు. గిద్యోను సున్నం వేసేదాని కొడుకు. సున్నం తడి మీద కనపడదు, ఆరినంకనే తెల్లగ తేలుతదని పుట్టినకాడికెల్లి చూసిండు. ఇది గూడ ఆరినంక ఎర్రగ తేలుతదని నమ్మి జై నుంచి ణ దాక పెద్ద పెద్దగ రాసిండు. తుమ్మ చాటుకు కూసుండి చూసిండు. సున్నమైతే తెల్లబడే యాళ్లయింది. గోడ గోడ తీర్గనే ఉన్నది.

పోయి డబ్బను శాంతయ్య ముంగట ఇసిరి కొట్టిండు. ఇన్నేండ్లు కూడబెట్టినవు, రంగన్న లేదు దీంట్ల, అన్నడు. శాంతయ్య సొట్ట పోయిందేమో చూసుకొని, అంగీ కొంగుతోని తుడిచి, మూత పెట్టిండు. ఇది మైనం బిడ్డా, దీనికి రంగుండదు, రుద్ది మెరిపిస్తె దుమ్ము జారిపోతది, రుద్దకుంట ఇడిసిపెడితే దుమ్మంత దానికే అంటుకుంటది, అన్నడు. గిద్యోను విననట్టే బయటికి వచ్చిండు.

పగటియాళ్లకు ఎండ దంచింది. గోడ మీది మైనం మెత్తబడ్డది. పట్నం నుంచి వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి చేవెళ్లకు పోయినయి. లేచిన మొరం దుమ్ము మలుపంత కమ్మింది. దుమ్ము దిగినంక గోడ ముందట నిలబడ్డోళ్లు నిలబడ్డట్టే ఉన్నరు. తెల్లటి గోడ మీద ఎర్రగ, వంకరగ, గిద్యోను అక్షరాలు. పోలీసు బండ్లే వచ్చి రాసిపోయినట్టున్నది.

జమేదారు పెంటమ్మను పిలిపిచ్చిండు. పెంటమ్మ కుంచె ముంచి కొట్టింది. అక్షరం మీద సున్నం చామాకు మీది నీళ్లోలె జారి కిందికొచ్చింది. మళ్ల కొట్టింది, మళ్ల జారింది. ఆమె ఎన్ని గోడలు చూడలేదు? కుంచె ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. శాంతయ్య బావ ఇంటి వాసన. మొఖంల ఏం కనపడనియ్యకుండ జమేదారు దిక్కు తిరిగి, "మీరు తెప్పిచ్చిన సున్నంల బలం లేదు సారూ" అన్నది.

ఆనాడు గిద్యోను మళ్ల శాంతయ్య ఇంటికి పోయిండు. ఈ మాటు గుంజుకోలేదు. గడప కాడ నిలబడి, జర ఇయ్యి పెద్దబాపూ అన్నడు. శాంతయ్య ఇచ్చిండు. గని ఇచ్చేముందు ఆ డబ్బ ఎక్కడిది, ఏ మోటర్ మీద రుద్దిండు, గా మోటర్ ఎండల ఎట్ల మెరిసేది, అంత చెప్పి ఇచ్చిండు. గిద్యోను కూసొని వినాల్సొచ్చింది. ఆస్టిన్ డబ్బ ముడిమ్యాల గోడలకు పోయింది. డాడ్జ్ డబ్బ చేవెళ్ల బస్టాండుకు. బేగం సాబ్ నల్ల మోటర్ డబ్బ ఇచ్చేటప్పుడు ముసలాయన దాన్ని ఒకసారి వెనక్కు తీసుకొని, తుడిచి మళ్ల ఇచ్చిండు. అప్పుడు గిద్యోనుకు మొదటిసారి సిగ్గనిపిచ్చింది. మీటింగుల్ల త్యాగం, త్యాగం అని మొత్తుకునే తను ఇంతవరకు ఏమిచ్చిండు? ఇల్లంత ఇస్తున్న ఈ మనిషి ఒక్క నినాదమన్న పలకలేదు.

జమేదారు ఊకుంటడా. సున్నంల ఏదో కలుపుతున్నవని పెంటమ్మ మీద పడ్డడు. చేవెళ్లకు పెద్ద ఆఫీసరు వస్తున్నడు, ఆయన వచ్చిపోయెవరకు గోడ తెల్లగ ఉండాలె, లేకుంటె నిన్ను జీపెక్కిచ్చి జైలుకు పంపుత అన్నడు. ఆ మాట విని గిద్యోను నేను పోయి దొరికిపోత అన్నడు. పెంటమ్మ వద్దన్నది. శాంతయ్య ఇద్దరి మాటలు విని, అల్మార కాడికి పోయి, హంస బొమ్మ డబ్బ దించిండు.

"నాకు జై తెలంగాణ రాయ నేర్పు" అన్నడు.

గిద్యోనుకు అర్థం కాలేదు. గోడకైతే నేనే రాస్త గదా అన్నడు.

"గోడకు కాదు. ఇరవై ఏండ్లాయె మంచి మోటర్ కోసం చూడవట్టి. దొరికింది."

"ఏది?"

"జమేదారు వ్యాను."

అరుగు మీద బూడిద పరిచి గిద్యోను అక్షరాలు నేర్పిండు. ముసలాయన చెయ్యి మోటర్ రుద్దిన చెయ్యి, గుండ్రంగనే తిరుగుతది. ణ కాడ జర తిప్పలు పడ్డడు, గని వచ్చినంక అక్షరాలు ముత్యాలోలె ఉన్నయి. గిద్యోను తన వంకర రాత యాదికొచ్చి బూడిదను మళ్ల చదును చేసిండు.

ఆఫీసరు వచ్చేనాటికి గిద్యోనే గోడ మీది మైనం గీకేసిండు, పెంటమ్మ తెల్లగ పూసింది. ఆనాడు శాంతయ్య మెత్త బట్ట భుజాన వేసుకొని క్యాంపు కాడికి పోయిండు. పెద్ద సారు వస్తున్నడట గదా, బండి ఇట్ల ఉంటె ఎట్ల, ఒక్క చెయ్యి రుద్దిపోత అన్నడు. జమేదారుకు సంబురమయింది. నీడల కుర్చీ వేసుకొని చూసుకుంట కూసున్నడు. డబ్బ చెవి తిప్పంగనే మూత చిన్నగ నిట్టూర్చినట్టు లేచింది. నీలం వ్యానును శాంతయ్య ఎట్ల రుద్దిండంటె, నవాబు కొత్త మోటరే వచ్చి నిలబడ్డట్టు రుద్దిండు. దొంగపని గదా అని ఎక్కడ తక్కువ చెయ్యలేదు. ముందల, పక్కల, అద్దమోలె మెరిసింది. ఆఖరుకు వెనక తలుపుల కాడికి పోయిండు. అక్కడ మెరిపిచ్చి, దాని మీద ఇంకింత మైనం మెల్లగ, గుండ్రంగ పెట్టి, రుద్దకుండ ఇడిసిపెట్టిండు. జమేదారు ముందట ఎక్కిండు. వ్యాను కదిలింది.

గిద్యోను సైకిల్ మీద ముందే పోయి చేవెళ్ల బజార్ల నిలబడ్డడు. వ్యాను వచ్చింది. దారంత మొరం దుమ్ము రేపుకుంట వచ్చింది గని, బండి మీద దుమ్ము చుక్క లేదు. జారిపోయింది. జనం అట్లనే చూసిన్రు. జమేదారు దిగి మీసం సవరిచ్చుకొని ఆఫీసరుకు సలాం కొట్టిండు. డ్రైవరు నీడకు పెడదామని వ్యానును తిప్పిండు. వెనక తలుపులు బజారు దిక్కు తిరిగినయి. మెరిసే నీలం మీద ఎర్రగ, చక్కగ, ఐదు అక్షరాలు.

ముందుగాల ఎవరు నవ్విన్రో తెల్వదు. కూరగాయలమ్మే ఆడోళ్ల కాడ మొదలయి బజారంత పాకింది. లాఠీలు ఎత్తాల్నా వద్దా పోలీసులకు తోచలేదు. వాళ్లల్ల వాళ్లే పెదిమలు కొరుక్కుంటున్నరు. ఆఫీసరు వేలు పెట్టి గీకిండు. వేలికి దుమ్మే అంటింది. ఎవడు రాసిండని అడిగితే జమేదారు ఏం చెప్తడు? నేను కుర్చీ వేసుకొని కూసుండి రాయించిన్నని చెప్పాల్నా?

పొద్దుగూకక ముందే జమేదారు శాంతయ్య ఇంటి మీదికి వచ్చిండు. గిద్యోను అప్పటికి వచ్చి దడి చాటున ఉన్నడు. శాంతయ్యను ఏమన్నంటె ఉరకాల్నని కాళ్లు బిగవట్టిండు. ముసలాయన లేచి నిలబడ్డడు.

"నేను మెరిపిచ్చిన సారూ. రాసింది రోడ్డు దుమ్ము."

జమేదారు అల్మార మీది డబ్బలన్ని కిందికి తోసిండు. ఒక్కొక్కటి మూత తీసి చూసిండు. అన్ని ఖాళీ. కేసు పెడదామంటె పిడికెడు మైనం గూడ మిగలలేదు. బూటుతోని ఒక డబ్బను తన్ని వెళ్లిపోయిండు. వారం తిరగకముందే ఆయనను ఎక్కడికో బదిలీ చేసిన్రు. తర్వాత వచ్చినాయన గోడ జోలికి పోలేదు, పెంటమ్మను పిలవలేదు. గోడ మీద రాస్తె రాయనియ్ గని వ్యాన్ల దగ్గరికి మాత్రం ఎవన్ని రానియ్యకున్రి అన్నడట.

ఆనాడు జమేదారు పోయినంక గిద్యోను లోపటికి వచ్చిండు. నేల మీద కూసొని డబ్బలు ఏరిండు. రోకలి మొన పెట్టి సొట్టలు తీసిండు. కొడుకు ఇంకా ఇంటికి రాలేదేందని పెంటమ్మ వచ్చి చూసింది. నునుపంటె గిట్టనోడు బట్ట పట్టుకొని డబ్బలు మెరిపిస్తున్నడు. ఆమె నవ్వుకొని, పగిలిన చేతులు పైటల దాసుకొని, గడప మీద కూసున్నది.

ఒక్కొక్కటి దాని తావుల పెట్టుకుంట గిద్యోను చెప్తున్నడు. ఇది ఆస్టిన్‌ది, ఇది డాడ్జ్‌ది. శాంతయ్య తలూపుతున్నడు. చివరికి హంస బొమ్మ డబ్బ చేతికొచ్చింది. గిద్యోను దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ఆగిండు.

"ఇది ఏ మోటర్‌ది పెద్దబాపూ?"

శాంతయ్య దాన్ని తీసుకొని, మూత వాసన ఒకసారి చూసి, పై వరసల నడుమ పెట్టిండు.

"అది పోలీసు వ్యాన్‌ది" అన్నడు.