ముందుకు చూసే సీటు

శంకయ్య జీపు చుట్టూ తిరుగుతూ చక్రాలన్నిటినీ అరచేత్తో నొక్కి చూశాడు. ముందు కుడి చక్రం రాత్రి తను ఆపినప్పుడు ఇలా లేదు. ఎవరో గాలి తీశారు. ఎవరు తీస్తారు, ఎందుకు తీస్తారు అంటే ఆయన దగ్గర జవాబుండదు గాని, తీశారన్నది మాత్రం ఖాయం. పంపు తెచ్చి, వంగి గాలి కొడుతూనే మధ్యమధ్య తలెత్తి సందు అటు చివరా ఇటు చివరా చూశాడు. పాలసీసాలవాడు సైకిలు మీద పోతూ చెయ్యూపాడు. వీడికి ఇవాళ ఇంత హుషారెందుకో అనుకున్నాడు.

ఆయన అసలు పేరు వాడుకలోంచి పోయి చాలాకాలమైంది. అనుమానాల మనిషని వెనకటికెవరో శంకయ్య అన్నారు. వినడానికి నిజం పేరులాగే ఉండడంతో అదే నిలిచిపోయింది. కొత్తవాళ్ళు పాపం అసలు పేరే అనుకుని ‘శంకయ్యగారూ’ అని మర్యాదగా పిలుస్తారు. ఈయన వాళ్ళ మొహంలోకి తేరిపార చూసి, వీళ్ళకెవరు చెప్పారా అని రోజంతా ఆలోచిస్తాడు.

మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు. ఖాకీ చొక్కాకి గొంతు దాకా గుండీలు పెడతాడు. ఆ మెడ మాత్రం ఒక్క క్షణం కుదురుగా ఉండదు, కుడికీ ఎడమకీ తిరుగుతూనే ఉంటుంది. చూసేవాళ్ళు అదీ అనుమానమే అనుకుంటారు. అసలు సంగతి వేరే. ఆయనకి పక్కచూపు పోతోంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కనున్నది కనబడాలంటే తల తిప్పాల్సిందే. కంటి నరం దెబ్బతినే నీటికాసులన్నాడు కళ్ళ డాక్టరు. బండి నడపడం మానెయ్యమని కూడా అన్నాడు. ఆ మాట ఆయన భార్యతో సహా ఎవరికీ చెప్పలేదు. చుక్కల మందు సీసాని గుడ్డలో చుట్టి జీపు సొరుగులో, పానాల కింద దాచాడు.

ఇవాళ చూస్తే ఆ సీసా పానాల కింద లేదు, పక్కన ఉంది. గబగబా మళ్ళీ పానాల కిందికి దూర్చి సొరుగు మూశాడు.

ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూలబడితే నడుం కలుక్కుమంది. వెనక్కి చెయ్యి పెట్టి తడిమాడు.

“నా దిండేది?”

“ఏ దిండు?” అంది భార్య వంటగదిలోంచి.

“నడుం కింద పెట్టుకునేది. పొట్లకాయంత ఉంటుందే, అది.”

“దూది ఉండలు కట్టిందని ఇచ్చాను.”

“ఎవరికి?”

“దూది ఏకేవాడికి కాక డాక్టరుకిస్తానా?” టీ గ్లాసు చేతికిచ్చి మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వు దాచుకుంటోందని ఆయన కనిపెట్టాడు. దిండు బావమరిది ఇంటికి చేరి ఉంటుంది. వాడికీ నడుం నొప్పే.

ఆయన గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనకనుంచి, “డాక్టరమ్మ సీటు సంగతి అడిగితే సీటే అనండి,” అంది.

ఆయన ఆగిపోయాడు. “సీటేంటి? నీకెవరు చెప్పారు?”

“ఏదో... ఎవరో అనుకుంటుంటే విన్నా,” అని ఆవిడ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మంటే పశువుల డాక్టరమ్మ. అంతకుముందు ఆ పని వాళ్ళ నాన్న చేసేవాడు. ఆయనకీ ఈయనే డ్రైవరు. ఆ పిల్లని బడికి తీసుకెళ్ళింది, జడ ఊడిపోతే బండి ఆపి అల్లింది, కొండదారిలో కడుపులో తిప్పితే నీళ్ళిచ్చింది ఈయనే. నలుగురిలో ‘డాక్టరమ్మగారూ’ అంటాడు. నోరు జారితే ‘పాపా’ అనేస్తాడు. ఆమె మాత్రం ఎప్పుడూ బాబాయ్ అనే అంటుంది.

జీపు వెనకభాగంలో ఇన్నాళ్ళూ మందులూ తాళ్ళూ బకెట్లూ కలగాపులగంగా పడుండేవి. ఇప్పుడక్కడ ఏదో ఒకటి బిగించాలని డాక్టరమ్మ అనుకుంది. అయితే ఇంకో సీటు, లేకపోతే మందులకో స్టీలు పెట్టె. రెంటికీ చోటు చాలదు. కొలతలకని జీపుని పొద్దున్నే సీట్లు కుట్టేవాడి కొట్టుకి తీసుకెళ్ళమంది.

కొట్టులో రెగ్జిన్ చుట్టలు గోడకి ఆనించి ఉన్నాయి. నేలంతా పీచు, మేకులు, కత్తిరింపులు. స్టీలు పెట్టె గుమ్మంలోనే ఉంది. మూలని గుడ్డ కప్పి ఇంకేదో ఉంది. లావుపాటి కుట్టేవాడు చెవి వెనక సుద్దముక్క తీసి, జీపు కొలిచి, తర్వాత ఈయన వైపు తిరిగాడు.

“ఒకసారి ఈ స్టూలు మీద కూర్చోండి.”

“నేనెందుకు?”

“ఎవరినో ఒకరిని కొలవాలి కదండీ.” మోకాలి నుంచి తుంటి దాకా, తుంటి నుంచి మెడ దాకా టేపు పట్టాడు. నడుం దగ్గర వేలితో నొక్కి, “ఇక్కడేనా నొప్పి?” అన్నాడు.

వీడికి నా నడుంతో ఏం పని? వచ్చేవాడెవడో అచ్చం నా అంతే ఉంటాడన్నమాట అనుకున్నాడు శంకయ్య. పైకి మామూలుగా అడిగాడు, “అందరూ పక్కవాటుగా రెండు వేయించుకుంటారు కదా?”

“డాక్టరమ్మ ఒకటే చాలంది. అది కూడా ముందుకే చూడాలని పదిసార్లు చెప్పింది.”

ముందుకు చూస్తే ఏం కనిపిస్తుంది? డ్రైవరు వీపు కనిపిస్తుంది. ఇంక వేరే చెప్పాలా! ఎవరో ఉప్పందించారు. సీసా చూశారు. వెనక ఒకణ్ణి కూర్చోబెట్టి, నా మీద కన్నేసి, తప్పులన్నీ ఏరి, ఉద్యోగానికి ఎసరు పెడతారు. ఈ పెళ్ళాం కూడా వాళ్ళ జట్టే. దారి పొడుగునా ఆయన అదే నమిలాడు.

డాక్టరమ్మని ఎక్కించుకుని కొండదారి పట్టాడు. రాళ్ళూ గోతులూ ఆయన చేతులకి కంఠతా వచ్చు. వాగు దాటి మలుపు తిరిగారో లేదో, “బాబాయ్, ఎడమవైపు!” అని ఆమె అరిచింది. బ్రేకు తొక్కాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో ఒక మేకపిల్ల అరుస్తూ ఉంది.

“ఎక్కణ్ణించి దూకిందో వెధవది,” అన్నాడు.

“దూకలేదు బాబాయ్. అక్కడే నిలబడుంది.”

ఆమె దిగి, మేకపిల్లని ఎత్తి గట్టు మీద వదిలి వచ్చింది. కొంతదూరం పోయాక అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగింది.

“సీటా, పెట్టా? నువ్వే చెప్పు.”

“మీ ఇష్టం.”

“నా ఇష్టం కాదు. నువ్వు సీటంటే సీటు, పెట్టంటే పెట్టె.”

“సీటెవరికి?”

ఆమె చప్పున చెప్పలేకపోయింది. “మన మనిషికే.”

ఆ తడబాటుతో ఆయనకున్న కాస్త సందేహం కూడా తీరిపోయింది. “పెట్టె,” అన్నాడు గట్టిగా. “సీసాలు పగులుతున్నాయి. ఎండకి మందులు పాడవుతున్నాయి. మనుషులదేముంది, ఎక్కడైనా కూర్చుంటారు. పెట్టే వేయించండి.”

“బాగా ఆలోచించే అంటున్నావా?”

“ఇందులో ఆలోచించేదేముంది?”

“సరే,” అంది ఆమె. తర్వాత ఆ రోజంతా పని మాటలే మాట్లాడింది. ఒకచోట ఆవు కాలు కట్టి పట్టుకున్నాడు, ఇంకోచోట దూడకి నోరు తెరిచి పట్టుకున్నాడు. ఆయనకి మంచి హుషారుగా ఉంది. వాళ్ళ ఎత్తు పారలేదు కదా!

కొట్టుకి తిరిగొచ్చేసరికి ఎండ తగ్గింది. కుట్టేవాడు మొహం ముడుచుకుని పెట్టె బిగించాడు. ఒక్కో నట్టు బిగిసినప్పుడల్లా శంకయ్య లోపల తృప్తిగా తలాడించుకున్నాడు. పని అయ్యాక డాక్టరమ్మ ఆయన్ని కొట్టు మెట్ల దగ్గరికి పిలిచింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“రేపట్నుంచి కొత్త డ్రైవరు వస్తున్నాడు బాబాయ్. చుక్కల మందు చూశాను. నీతో చెప్పడానికి నోరు రాక ఇన్నాళ్ళు ఆగాను. ఇవాళ మేకపిల్ల కాబట్టి సరిపోయింది.”

ఆయనకి ఓడిపోయినట్టు కనిపించడం ఇష్టంలేదు. “నాకు ముందే తెలుసు,” అన్నాడు.

“తెలుసా?” ఆమె తెల్లబోయింది. “అంతా తెలిసే పెట్టె అన్నావా?”

“తెలిసే అన్నాను.”

ఆయన తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ఆ చేతిని అలాగే కాసేపు పట్టుకుంది. “ఇంటి దగ్గర దింపుతాను, ఎక్కు.”

“నడిచిపోతాను.”

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక కొత్త పెట్టె తళతళలాడుతూ జీపు సందు మలుపు తిరిగిపోయింది.

“అదేంటండీ మీరు!” కుట్టేవాడు ఇక పట్టలేక అందుకున్నాడు. “వద్దనుకుంటే పొద్దున కొలతలప్పుడే చెప్పొచ్చు కదా. మూడురోజులు కూర్చుని కుట్టి, చివరికి మీ కొలతకి సరిచేసి పెట్టాను.”

“వచ్చేవాడెవడో నాకేం తెలుసు?”

“వచ్చేవాడా? కూర్చునేది మీరే కదండీ! బండి ఇంకొకరు నడుపుతారు, మా బాబాయ్ వెనక కూర్చుని నాతో వస్తాడు, బాబాయ్ లేకుండా నేను కొండెక్కలేను అందావిడ. పక్కకి తిప్పి పెడితే దారి కనబడదట మీకు. అందుకే ముందుకి.” మూలకి వెళ్ళి గుడ్డ లాగేసి, దాన్ని మెట్ల మీదికి ఈడ్చుకొచ్చాడు.

ముదురు నీలం సీటు. చేతులు ఆనించుకోడానికి రెండువైపులా మెత్తలు. వీపు వైపు, నడుం ఆనేచోట, పొట్లకాయంత ఎత్తు. శంకయ్య దాన్ని తడిమాడు. రెగ్జిన్ కింద దూది ఉండ చేతికి తగిలింది. ఎన్నేళ్ళనుంచో ఆయన నడుంకి ఒత్తుకుని ఒత్తుకుని గట్టిపడ్డ ఉండ.

“ఏకుతానంటే మీ ఆవిడ ఒప్పుకోలేదు. అలాగే పెట్టమంది, అలవాటైన దిండని.”

శంకయ్య దాంట్లో కూర్చున్నాడు. నడుం హాయిగా ఒదిగిపోయింది. ఎదురుగా వీధి మొత్తం కనిపిస్తోంది. ఆ అమ్మాయి తనని వదల్లేక ఇంత చేస్తే, తనేమో దొంగని పట్టుకున్నట్టు సంబరపడ్డాడు. “పాపా,” అన్నాడు సందు మలుపు వైపు చూస్తూ. అక్కడ దుమ్ము కూడా అణిగిపోయింది.

“ఫోన్ చెయ్యమంటారా? పెట్టె విప్పడం ఎంతసేపు?”

తెలిసే అన్నానని శంకయ్య ఆ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పాడు. ఇప్పుడు కాదనాలంటే, నిన్ను అనుమానించానని చెప్పాలి. నా కళ్ళు పోయాయి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళు అనాలి. ఇందులో ఏ మాటకీ ఆయన నోరు పెగలదు.

“వద్దులే. మందులు పాడవకుండా ఉంటాయి,” అన్నాడు లేస్తూ.

మెట్లు దిగి, మెడ కుడికి తిప్పి, ఎడమకి తిప్పి, మళ్ళీ కుడికి తిప్పి రోడ్డు దాటాడు. ఇంట్లో ఆవిడ గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుంది, సీటెలా ఉందని అడుగుతుంది.

కుట్టేవాడు సీటుని మళ్ళీ లోపలికి ఎక్కించబోయి, అంత బరువు ఒక్కడివల్ల కాక, వచ్చేపోయేవాళ్ళు కూర్చుంటారులే అని మెట్ల మీదే వదిలేశాడు. చీకటిపడేలోగా ఒకరిద్దరు కూర్చున్నారు గాని, నడుం దగ్గర ఏదో ఎత్తుగా గుచ్చుకుంటోందని లేచిపోయారు.