ఆకు బొత్తాం

ఇత్తడి తాళంచెవిని వైస్‌లో బిగించి, పళ్ల మీది గరుకును ఆకురాయితో తీసేస్తున్నాడు తాళాలాయన. ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. ఆయన ఇల్లు తెరిచే ఉంది. కోడలికి ఇంకో తాళంచెవి కావాలని వచ్చాడంతే. అయినా కొందరికి ఎక్కడ నిలబెట్టినా కొంప మునుగుతున్నట్టే ఉంటుంది.

“అయిందా?”

“అయినట్టేనండీ.”

ఊదాడు, ప్యాంటుకేసి తుడిచాడు, చేతిలో పెట్టాడు. “తిరక్కపోతే తీసుకురండి,” అన్నాడు. ఆ మాట ఆయన సొంతం కాదు, వాళ్ల నాన్నది. కొట్టూ, ముక్కాలిపీటా, నకళ్లు తీసే మిషనూ నాన్న దగ్గర్నుంచి వచ్చినట్టే మాట కూడా వచ్చింది.

పెద్దమనిషి వెళ్లాక గోడ అవతలి చప్పుడు మళ్లీ వినబడింది. రోజూ వినబడే కుట్టుమిషను చప్పుడు కాదది. అట్టపెట్టెలకి టేపు లాగి అంటిస్తున్న చప్పుడు. అది చర్రుమన్నప్పుడల్లా తాళాలాయనకి ప్రాణం ఉసూరుమంటోంది. సాయంత్రం వ్యాను వస్తుంది. పక్క కొట్టు టైలరమ్మ సామానంతా ఎక్కించుకుని చెల్లెలి ఊరు వెళ్లిపోతుంది. ఈ మధ్య ఆవిడకి సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోతోంది. అక్కడైతే చెల్లెలు కుడుతుంది, ఈవిడ కొలతలు తీసి కత్తిరిస్తే చాలు. వెళ్తే ఇక రాదు.

ఆ గోడ పేరుకే గోడ. ఓనరు ఒకే గదికి నడుమ చెక్క పలకలు కొట్టించి రెండు కొట్లు చేశాడు. పలకలు కప్పు దాకా పోలేదు, మనిషెత్తు దాటగానే ఆగిపోయాయి. అందుకని అటు ఫ్యాను గాలి ఇటు వస్తుంది, ఇటు నూనె వాసన అటు పోతుంది. ఆవిడ దారప్పోగులు వచ్చి ఈయన బల్ల మీద వాలేవి. ఈయన ఇత్తడి రజను లేచి ఆవిడ తెల్లబట్టల మీద పడేది. “ఏవండీ, మళ్లీ బంగారం చల్లారు!” అని అటునుంచి కేక వినబడేది. ఈయన ఇటు ఆకురాయి మెల్లగా ఆడించేవాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్యా నడిచిన కబుర్లు దాదాపుగా ఇంతే.

తాళాలాయనకి యాభై దాటాయి. మిషను పిడి మీద వాలి వాలి కుడిభుజం కిందికి జారిపోయింది. ఎడమచేతి బొటనవేలి గోరు నలిగి నలిగి పలకలా తయారైంది. కనుబొమల్లో ఎప్పుడూ కాస్త ఇత్తడి మెరుస్తూ ఉంటుంది. పెళ్లి సంబంధాలు వచ్చిన వయసులో నాన్న మంచంలో ఉన్నాడు. నాన్న పోయాక సంబంధాలు రాలేదు. వచ్చి ఉంటే చేసుకునేవాడేనని వాళ్ల వదిన అంటుంది. అన్నావదినల ఇంట్లోనే ఉంటూ, పొద్దున్నే కొట్టుకి వచ్చి, అసలు చెవి ఒక పక్కా ఖాళీ చెవి ఇంకో పక్కా బిగించి, అసలు ఎటు వంగితే నకలును అటు వంచుతూ బతికేశాడు. దానికి ఆయన ఎన్నడూ బాధపడలేదు. బాధంతా స్వెటరు దగ్గర మొదలైంది.

చలికాలం వచ్చిందంటే టైలరమ్మ ఒక స్వెటరు తీసేది. మట్టిరంగుది, మోచేతుల దగ్గర అతుకులున్నది, వాళ్లమ్మది. దానికి చెక్క బొత్తాలు. ఒక్కో బొత్తాం మీద ఈనెలతో సహా ఒక ఆకు. పై నుంచి రెండోది ఎప్పుడో ఊడిపోయింది. ఆ చోట పిన్నీసు పెట్టుకునేది. ఊరందరి బట్టలకీ బొత్తాలు కుట్టే మనిషి పిన్నీసుతో తిరగడమేమిటని ఒకసారెవరో వేళాకోళమాడారు. “వేరే బొత్తాం పెడితే మిగతావి చిన్నబుచ్చుకుంటాయి కదండీ,” అని ఆవిడ నవ్వేసింది. ఇటు పక్క ఆకురాయి ఆగిపోయింది.

ఆ రోజునుంచీ ఆయనకదే ధ్యాస. బొత్తాల కొట్లన్నీ గాలించాడు. ఆకులున్నవి దొరికాయి, ప్లాస్టిక్‌వి. చెక్కవి దొరికాయి, బోడివి. చివరికి ఒకనాడు ఫోన్లో ఏదో వీడియో చూస్తుంటే, బల్ల మీద పట్టేంత మిషనొకటి దానంతటదే చెక్క మీద పువ్వు చెక్కుతూ కనబడింది. సీఎన్‌సీ అన్నారు. ఇంట్లో సరదాగా చేసుకునేవాళ్ల కోసమట. ఏ పనికైనా మీనమేషాలు లెక్కపెట్టే మనిషి దాన్ని మాత్రం అప్పటికప్పుడు తెప్పించేశాడు.

అది మిషనులా రాలేదు, పెట్టెడు ఇనుప ముక్కల్లా వచ్చింది. భోజనాల బల్ల మీద పరిచి, ల్యాప్‌టాప్‌లో వీడియో ఆపుకుంటూ బిగిస్తుంటే వాళ్ల వదిన గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది.

“ఇంతకీ ఇదేం చేస్తుందయ్యా?”

“చెక్కుతుంది వదినా.”

“ఎవర్ని?”

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. వదిన వంటింట్లోకి పోతూ పోతూ, “చెప్పాల్సింది నోటితో చెప్పకుండా మిషను కొన్న మగాణ్ణి నిన్నే చూశాను,” అంది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

మొదట చెక్కను కోసే బిట్టు పెట్టాల్సిన చోట పెన్ను కట్టాడు. కొత్తవాళ్లు ముందు అలాగే చేయాలట. మిషను గుయ్‌మంటూ కాగితం మీద సున్నా చుట్టింది. చుట్టడం మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది. ఆయన దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. దారి చూపించే అసలు చెవి లేకుండా ఆయన చేతి మీదుగా తయారైన మొదటి వస్తువది.

తర్వాత కష్టాలు మొదలయ్యాయి. ఒకసారి లోతు తప్పి బిట్టు చెక్కలోంచి దూసుకుపోయి మిషను కింది పళ్లాన్ని తాకి విరిగింది. ఇంకోసారి ఫైలులో అంగుళాలూ మిల్లీమీటర్లూ తారుమారై, మిషను పళ్లెమంత బొత్తాం చెక్కబోయి, చోటు చాలక పక్క చట్రాన్ని గుద్దుకుని గీపెట్టింది. మేడ మీదున్న అన్నయ్య చెప్పుల్లేకుండా దిగి వచ్చాడు. దాంతో మిషను కొట్టుకి చేరింది. పలకల గోడ పక్కన ఎత్తు బల్ల మీద పెట్టాడు.

వీటన్నిటికన్నా పెద్ద కష్టం ఆకుది. దగ్గర పెట్టుకుని గీయడానికి అసలు బొత్తాం లేదు. ఒకటి ఇవ్వండని టైలరమ్మని అడగొచ్చు. అడిగితే ఎందుకంటుంది. ఎందుకో చెబితే అంతా చెప్పినట్టే. అందుకని ఆవిడ చిల్లర మార్చుకోవడానికి వచ్చినప్పుడల్లా, కొట్టు కట్టేసేటప్పుడల్లా దొంగచూపులు చూసి మనసులో పెట్టుకున్నాడు. తొడిమ ఎడమకి వంగి ఉంటుంది. ఈనెలు ఎదురెదురుగా ఉండవు, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. అన్నేళ్లు పళ్లు చూసి చెవులు గుర్తుపట్టిన కళ్లకి అది పెద్ద పని కాదు. చూస్తున్నది బొత్తాన్నేనని తనకు తాను చెప్పుకోవడమే కాస్త కష్టమైంది.

ఇవాళ మిగిలింది ఒకే ఒక్క చెక్కముక్క. నాన్న పనిముట్ల పెట్టె మూతలోంచి కోసినది. ముదురు రంగు, ఆ బొత్తాలకి సరిగ్గా సరిపోయే రంగు. మధ్యాహ్నం గిరాకీ సద్దుమణిగాక దాన్ని మిషను పళ్లానికి నాలుగు పక్కలా బిగించాడు. బిట్టు కింద న్యూస్‌పేపరు ముక్క పెట్టి, దాన్ని ఒక చేత్తో జరుపుతూ, రెండో చేత్తో బిట్టును వెంట్రుకవాసి చొప్పున దించాడు. కాగితం పట్టేసిన చోట ఆపాడు. అక్కడినుంచే మిషను తన లోతు లెక్కపెట్టుకుంటుంది. మొదటిసారి బిట్టు విరిగింది ఈ పని సరిగ్గా చేయకే.

మోటారు తిరిగింది. అప్పుడే ఒకాయన సైకిలు తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

“రేపు రండి,” అన్నాడు తాళాలాయన తలెత్తకుండానే.

కొట్టు తెరిచి ఉండగా రేపు రమ్మనడం ఆ కొట్టు చరిత్రలో లేదు. సైకిలాయన బోర్డు వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ముందు తొడిమ వచ్చింది. తర్వాత ఒక్కో ఈనె. తర్వాత దారం పట్టే కన్నాలు. సన్నటి పొడి లేస్తుంటే ఊదుతూ, కన్నార్పకుండా చూశాడు. ఆకు ఆయన తలలో ఉన్నట్టే వచ్చింది. ఆనందంతో ఏం చేయాలో తోచక జేబురుమాలు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇక బొత్తాం చుట్టూ కోత ఒక్కటే మిగిలింది. ఇంతకుముందు ఎప్పుడూ ఇంతదాకా రాలేదు.

ఇక్కడే ఆయన బుర్ర తాళాల బుర్రలా పనిచేసింది. నకళ్ల మిషనులో బిగించేది చెవినే కాబట్టి పనైపోయినా అది పట్టులోనే ఉంటుంది. ఇక్కడ బిగించింది చెక్కముక్కని. చుట్టూ కోత పూర్తయ్యాక బొత్తాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. అందుకే తెలిసినవాళ్లు అంచున రెండు మూడు చోట్ల సన్నగా కోయకుండా వదిలేసి, తర్వాత చేత్తో విరుస్తారు. ఆ సంగతి వీడియోలో ఉంది. ఆయన వీడియో అంతదాకా చూడలేదు. సరిగ్గా ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి గోడ అవతల టైలరమ్మ కూనిరాగం అందుకుంది, ఈయన వీడియో ఆపేశాడు.

టక్‌మంది. బిట్టు తగిలి బొత్తాం ఎగిరిపోయింది. చెక్కముక్కలో గుండ్రటి కన్నం మిగిలింది.

గభాలున మోటారు ఆపాడు. గోడ అవతల టేపు చప్పుడు కూడా ఆగింది. ఈ చప్పుడుకి ఉలిక్కిపడిందేమో పాపం అనుకుని మోకాళ్ల మీద కూలబడి వెతకడం మొదలుపెట్టాడు. బల్ల కింద, నూనెడబ్బాల వెనక, రజనులో, చీపురు పుల్లల్లో, చొక్కా మడతల్లో. గోడకి వేలాడుతున్న చెవుల గుత్తులన్నీ దించి దులిపాడు. అవతల చాలాసేపు అలికిడి లేదు. ఎప్పటికో టేపు మళ్లీ చర్రుమంది.

అన్నం క్యారేజీ పట్టుకుని వదిన వచ్చేసరికి ఆయన ఇంకా బల్ల కిందే ఉన్నాడు.

“ఏం పారేసుకున్నావయ్యా?”

“బొత్తాం.” ఆ గొంతు విని వదిన వేళాకోళం మానేసింది. క్యారేజీ బల్ల మీద పెట్టి తనూ వంగింది. ఇద్దరూ కలిసి వెతికినా దొరకలేదు.

“పోనీలే,” అంది వదిన చివరికి, గొంతు తగ్గించి. “బొత్తాం లేకపోతే మాట లేదా? వెళ్లి చెప్పు.”

“ఏమని?”

“ఉండమను.”

“ఉండమనడానికి నేనెవర్ని వదినా?”

వదిన ఆయన జుట్టులో చిక్కుకున్న పొట్టు దులిపి, చెంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆయన క్యారేజీ మూత కూడా తీయలేదు. ఆవిడ లేని రేపటి కొట్టు ఆయన కళ్ల ముందు ఆడుతోంది. రజను లేచినా కేకేసేవాళ్లుండరు.

ఎండ తగ్గాక వ్యాను వచ్చింది. కుట్టుమిషను ఎక్కింది, ఇస్త్రీ బల్ల ఎక్కింది, నిలువుటద్దం దుప్పటి చుట్టుకుని ఎక్కింది. అన్నీ అయ్యాక టైలరమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. గుండెలకి ఒక అట్టపెట్టె హత్తుకుని ఉంది. దాని పైన కళ్లజోడూ, కింద చెప్పులూ తప్ప మనిషి కనబడటం లేదు. వేలికి తాళంచెవి వేలాడుతోంది.

“ఇదిగోండి, కొట్టు తాళం. మీరు చేసిన చెవే. ఓనరొస్తే ఇచ్చేయండి.”

“అలాగేనండీ.”

“ఒక్క రోజు కూడా మొరాయించలేదు.”

ఇప్పుడే అనాలి. “అక్కడ... చలి ఎక్కువటగా,” అన్నాడు.

“స్వెటరుంది కదండీ.”

ఆ గొంతులో నవ్వున్నట్టుంది. ఆయన చూడలేదు. చేతిలోని చెవి పళ్ల వంకే చూస్తున్నాడు, ఎన్నడూ చూడనట్టు. ఆ స్వెటరు మీద ఆ పిన్నీసు అలాగే ఆ ఊరికి పోతుందని తలుచుకుంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ ఇంకాసేపు నిలబడింది.

“ఒకసారి గది చూడండి. ఏమైనా మర్చిపోయానేమో.”

“ఉంటే పంపిస్తానండీ.”

“పంపక్కర్లేదు. ఉంచుకోండి.”

వ్యాను హారను కొట్టింది. ఆవిడ వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి ఊపాలని తట్టేసరికి వీధిలో ఎవరూ లేరు.

ఓనరు వచ్చేలోగా ఊడ్చి పెడదామని చీపురు పట్టుకుని పక్క కొట్టు తెరిచాడు. ఇన్నేళ్లుగా పక్కనే ఉన్నా ఆయన ఆ గదిలో అడుగుపెట్టింది తక్కువ. మిషను కాళ్లు నొక్కుకున్న గుంటలు నేల మీద నాలుగున్నాయి. మేకుకి కొలతల టేపు వేలాడిన చోట గోడ మాత్రం తెల్లగా ఉంది. మూలల్లోంచి దారప్పోగులూ, గుడ్డపీలికలూ ఊడ్చుకుంటూ పలకల గోడ దగ్గరికి వచ్చాడు. అవతల సరిగ్గా ఆయన మిషను ఉన్న చోటది. కింద నేల మీద ముదురు రంగు చెక్కపొట్టు చిటికెడు పడి ఉంది. దాని పక్కనే అప్పుడే తెంపిన మట్టిరంగు దారం కొస.

బొత్తాం ఎటు ఎగిరిందో ఆయనకి అప్పుడు తెలిసింది. టేపు చప్పుడు ఎందుకాగిందో, అంతసేపు ఎందుకు మొదలుకాలేదో తెలిసింది. చూపు ఆనని మనిషి సూదిలో దారం ఎక్కించడానికి అంతసేపు పట్టి ఉంటుంది. అట్టపెట్టెను అలా స్వెటరు కనబడకుండా గుండెలకి హత్తుకుని ఎందుకొచ్చిందో కూడా తెలిసింది.

“ఉండండి,” అన్నాడు ఖాళీ గదితో. పైకే అన్నాడు, ఆవిడకి వినబడేంత గట్టిగా.

పలకలకి అడ్డంగా కొట్టిన చెక్కబద్ద మీద, ఆయన కంటికి ఆనేంత ఎత్తులో, ఇన్నేళ్లూ ఉన్ని బరువు మోసి నడుం వంగిన పిన్నీసు, ఎవరికీ గుచ్చుకోకుండా మూసిపెట్టి ఉంది.