మూడు షిఫ్టుల కబుర్లు

ఆ గదిలో ఆరు కుర్చీలు, ఆరు డయాలసిస్ మెషీన్లు. కిడ్నీలు చేతులెత్తేసినవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి అక్కడ కూర్చోవాలి. చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి బయటికి పోయి, మెషీన్లో శుభ్రపడి, రెండో గొట్టంలోంచి లోపలికి వస్తుంది. నాలుగు గంటల పని.

జెండాలక్క మొదటిసారి వచ్చినరోజు ఆ గదిలో మెషీన్ల చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు. ఆమె టైలరు. ఊళ్ళో ఏ పార్టీకి జెండాలు కావాలన్నా ఆమే కుట్టాలి కాబట్టి ఆ పేరు. నోరు కట్టేసుకుని కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. పక్క కుర్చీ పెద్దాయన పేపరు చూస్తుంటే, "లోలోపల చదువుకుంటే ఎలా బాబాయ్, కాస్త పైకి చదవండి" అంది.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. దూరాభారం రూట్లలో అద్దంలోంచి చుక్కల్ని చూసీ చూసీ ఆకాశమంటే పిచ్చి పట్టింది. ఇంట్లో ఎవరికి చెప్పబోయినా "అబ్బా, మళ్ళీ మొదలెట్టారా" అనేవారు. ఇప్పుడు అడిగేవాళ్ళు దొరికారు.

"శుక్రుడి మీద ఏడాది కన్నా రోజే పెద్దదట అమ్మాయ్!"

"అయితే మన డాక్టరుకి చెప్పకండి. అక్కడి లెక్కన వారానికి మూడుసార్లు రమ్మంటే, రెండోసారికి మన బదులు మన ఫొటోలు తెచ్చి కూర్చోబెట్టాలి."

మూల కుర్చీలో ఎవరో కిసుక్కున నవ్వారు. క్లారినెట్టు మాస్టారు. ఒకప్పుడు బ్యాండులో ఆయన ఊదితే వీధి వీధంతా ఆగిపోయేది. ఊపిరి నిలవడం మానేశాక వాయిద్యాన్ని అటకెక్కించి, తనూ ముడుచుకుపోయారు. ఆయన పళ్ళు కనిపించడం సిస్టర్ అదే మొదటిసారి చూసింది.

ఆ రోజు నుంచి ముగ్గురూ ఒక జట్టు. ఆకాశం బాబాయ్ వంతు, పాటలు మాస్టారి వంతు, రాజకీయాలు అక్క వంతు. ఎవరు పార్టీ మారతారో పేపరు కన్నా ముందు ఆమెకే తెలిసేది మరి. "మొన్న ఇచ్చిన గుడ్డ కుట్టొద్దని కబురొచ్చింది బాబాయ్. ఇంకో రంగు గుడ్డ పంపిస్తారట. ఎవరని అడక్కండి, రేపీపాటికి మీకే తెలుస్తుంది." తెలిసేది.

ఒకరోజు బాబాయ్ ఎక్కణ్ణుంచో కత్తిరించిన ముక్క తెచ్చాడు. ఎక్కడో ఒక కృష్ణబిలం, దాని చుట్టూ ఉన్న వాయువులో అలలు. ఆ అలల్ని స్వరంగా లెక్కగడితే బి-ఫ్లాట్ అని తేలిందట, కాకపోతే మన చెవికి అందనంత కింద.

మాస్టారు సూదులున్న సంగతి మర్చిపోయి లేవబోయారు. "నా క్లారినెట్టు శ్రుతి అదేనయ్యా!"

"చెయ్యి కదపకండి!" అని సిస్టర్ అరిచింది. గది మొత్తం నవ్వింది.

గొడవ ఆ కబుర్లలోంచే వచ్చింది. బయట వరండాలో ఒక కొత్త మెషీన్ అట్టపెట్టెలోనే ఉంది. పురపాలక ఛైర్మన్ దాని మీది తెర లాగి, ఫొటో దిగి వెళ్ళిపోయాడు. పెట్టె ఎవరూ విప్పలేదు. లోపల నాలుగో మెషీన్ చూస్తే రోజు విడిచి రోజు మొరాయిస్తోంది. ఛైర్మన్ మనిషి ఒకడు ఏదో పనిమీద గదిలోకి వచ్చినప్పుడు అక్క ఊరుకోలేదు.

"ఆ రోజు లాగిన తెర నేను కుట్టిందే బాబూ. మీ ఛైర్మన్‌గారు లాగింది తెరనే గానీ పెట్టెని కాదు. అదెప్పుడు విప్పుతారో అడిగి చెప్తావా?"

వాడు మొహం మాడ్చుకుని వెళ్ళాడు. మర్నాడు గోడ మీద కాగితం వెలిసింది: 'ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు.' అతికించింది ఆ డయాలసిస్ గది ఇన్‌చార్జి.

"ఇది ఆస్పత్రి, రచ్చబండ కాదు" అన్నాడు అతను.

"మరి నాలుగు గంటలు ఏం చెయ్యమంటారు? నా రక్తం బయటికి పోతుంటే చూస్తూ, తిరిగొచ్చిందో లేదో లెక్క చూసుకోవాలా?" అంది అక్క. "గొట్టాలు చేతికే పెట్టారు గానీ నోటికి కాదు."

ఆ వారమే షిఫ్టులు మారాయి. అక్కకి పొద్దున, బాబాయ్‌కి మధ్యాహ్నం, మాస్టారికి సాయంత్రం. కారణం అడిగితే "పై నుంచి ఆర్డరు" అన్నాడు ఇన్‌చార్జి.

మాస్టారు రావడం మానేశారు. రెండు విడతలు తప్పేసరికి కాళ్ళు వాచి, మొహం ఉబ్బిందని ఆయన భార్య ఫోను చేసింది. అక్క కుట్టుమిషను ఆపి, బాబాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"మీరు లేని చోట గోడలతో మాట్లాడమంటావా అమ్మా? ఇన్నాళ్ళూ బతికింది చాల్లే."

ఆ మాటకి అక్క ఒళ్ళు మండింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ మంటే ముందు బయటపడింది.

"వాళ్ళకి కావాల్సింది ఇదే మాస్టారూ, మనం నోరు మూసుకుని పోవడం. వాళ్ళు సగం పని చేస్తే మిగతా సగం మీరు పూర్తి చేస్తారా? ఆ సాయంత్రం షిఫ్టులో ఉన్నది గోడలు కాదు, మనుషులు. నేను వచ్చిన రోజు మీరూ గోడలాగే ఉన్నారు!"

బాబాయ్ మంచం కింద నుంచి చెప్పులు తీసి మాస్టారి కాళ్ళ దగ్గర పెట్టాడు. వాచిన కాళ్ళకి చెప్పులు పట్టలేదు. ఒట్టి కాళ్ళతోనే ఆటో ఎక్కించారు.

ఆ సాయంత్రం మాస్టారు చాలాసేపు పైకప్పే చూశారు. పక్క కుర్చీలో ఒక కాలేజీ పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో వింటోంది. చివరికి ఆయనే అడిగారు: "ఏం వింటున్నావమ్మా? కాస్త నాకూ వినిపించు." విన్నారు. "తాళం బాగుంది, గాయకుడికి జలుబు" అన్నారు. ఆ పిల్ల పోట్లాటకి దిగింది. మిగతావాళ్ళు చెరో పక్షం చేరారు.

అటు మధ్యాహ్నం షిఫ్టులో బాబాయ్ గ్రహాలు మొదలుపెట్టాడు. పొద్దున షిఫ్టులో అక్క సంగతి చెప్పక్కర్లేదు. కాగితం గోడ మీదే ఉంది, దాని కిందే కబుర్లు సాగాయి. మూడు షిఫ్టుల్లోనూ కబుర్లు ఎక్కణ్ణుంచి మొదలైనా వరండా దగ్గరికి వచ్చి ఆగేవి. ఒకరు కాకపోతే ఒకరు, పోతూ పోతూ ఇన్‌చార్జి బల్ల దగ్గర నిలబడి అడిగేవారు: "సార్, ఆ పెట్టె ఎప్పుడు విప్పుతారు?"

నెల తిరక్కుండానే ఇన్‌చార్జి అక్క కుర్చీ దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మీ ముగ్గుర్నీ మళ్ళీ ఒకే షిఫ్టులో వేస్తానమ్మా. మీ సరదా మీరు చూసుకోండి. ఆ పెట్టె మాట మాత్రం వదిలెయ్యండి. పైనుంచి నాకు చీవాట్లు పడుతున్నాయి."

అక్కకి పక్కన బాబాయ్, మూలన మాస్టారు మళ్ళీ కళ్ళకి కట్టినట్టు కనిపించారు. ఒక్క ఊ అంటే చాలు.

"వద్దులెండి" అంది. "ఇక్కడివాళ్ళు నా వార్తల కోసం ఎదురుచూస్తారు. పెట్టె మాటంటారా, ఇవాళ మీరే గుర్తుచేశారు. ఎప్పుడు విప్పుతారు?"

పక్క కుర్చీలో ముసలమ్మ, "అవును నాయనా, ఎప్పుడు?" అంది.

పైకి ఎవరు ఏం చెప్పారో తెలియదు గానీ, రెండు వారాలకి మెకానిక్కులు వచ్చి మెషీన్ బిగించారు. ఈసారి ఎవరూ ఫొటోకి రాలేదు.

బేరం సంగతి తెలిసి బాబాయ్ గేటు దగ్గర అక్కని పట్టుకున్నాడు. "మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా కాదనేశావేంటి అమ్మాయ్? నా షిఫ్టులో ఒకాయన భూమి బల్లపరుపుగా ఉందంటాడు. వచ్చిన ప్రతిసారీ వాడితో చస్తున్నాను!"

"చావకండి బాబాయ్, వాదించండి" అంది అక్క. "వెళ్ళండి, సూదులు పెట్టే టైమైంది."