ఓట్ల గదిలో ముక్కాలిపీట

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున కొంచెం తెల్లబడి, మళ్లీ మబ్బు కమ్మి, కురుస్తానో కురవనో చెప్పకుండా ఏటి మీద వంగి నిలబడింది. ఆ మబ్బు కింద ఒక మనిషి భుజాన తలకిందులుగా వేలాడుతూ, కాళ్లు పైకి చాపి పడవ ఎక్కాను. నేను ఒక ముక్కాలిపీటను. ఓట్లు వేసే గదిలోకి వెళ్లిన పీటలు లోకంలో ఎన్ని ఉన్నాయో తెలియదు గానీ, నేను మాత్రం వెళ్లాను.

నేను పుట్టింది రంగం దేశంలో, అంటే బర్మాలో, ఒక బియ్యపు మిల్లులో. మిల్లు దూలం ఒకటి బీటలు వారితే కోసి దింపారు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన వడ్రంగి ఒకడు అందులో మిగిలిన టేకు ముక్కతో నన్ను చేశాడు. నాలుగో కాలికి కర్ర చాలలేదు. మూడు కాళ్లయితే గతుకుల నేల మీద ఊగదని అందరికీ చెప్పుకున్నాడు. లోటును గొప్పగా చెప్పుకోవడం మనుషులకు ఎంత బాగా వచ్చో నేను మొదట చూసింది అక్కడే.

ముందు నా మీద మిల్లు మేస్త్రీ కూర్చున్నాడు. కూలీలు బస్తాలు మోస్తుంటే వాళ్ల నడుములు చూసేవాడు. తర్వాత దేశం సైన్యం చేతిలోకి పోయింది, మిల్లు మూతబడింది. రోడ్డుకు అడ్డంగా గేటు పెట్టి, ఒక సిపాయి నన్ను పట్టుకెళ్లి దాని పక్కన వేసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ల కార్డులు చూసేవాడు. ఏళ్లు గడిచాయి, సిపాయిలు మారారు, చూడటం మారలేదు. ఒకరోజు గేటు ఎత్తేశారు. వెళ్లేవాళ్లు తుపాకులు తీసుకెళ్లారు, నన్ను వానలో వదిలేశారు. ఆ గేటు దగ్గర ఇరవై ఏళ్లు కార్డు చూపించి బండి తోలుకెళ్లిన అసిరయ్య ఆ పూట బండి ఆపాడు. ఇటూ అటూ చూశాడు. నన్ను ఎత్తి బండిలో వేసుకున్నాడు.

అసిరయ్యది ఏటికి ఇవతల నూకలపేట. మూడు తరాల కిందట వచ్చిన తెలుగువాళ్ల వీధి. ఇంట్లో అతనూ, అతని అప్ప, అంటే అక్క ఎర్నమ్మా, ఇద్దరే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. ఆమెకు డెబ్బై ఒకటి.

సైన్యం వాళ్లు బట్టలు మార్చుకుని, ఎన్నికలు పెడతామన్నారు. నూకలపేటలో ముందు ఎవరూ నమ్మలేదు. ఎర్నమ్మ నమ్మింది. పాతికేళ్ల కిందట ఒకసారి భర్త పక్కన నిలబడి ఆమె ఓటేసింది. ఆ ఓట్లు లెక్కపెట్టారు, గెలిచినవాళ్లకు కుర్చీ మాత్రం ఇవ్వలేదు. భర్త ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

"ఆయన ఓటూ నా ఓటూ రెండూ ఏట్లో కొట్టుకుపోనాయి. ఒక్కటైనా ఒడ్డుకి రావాల గదేటి," అనేది. వేరే కోరిక ఆమె నోట నేను వినలేదు.

ఓట్లు సరిగా జరుగుతున్నాయో లేదో చూడటానికి ఊళ్లవాళ్లనే పరిశీలకులుగా పెట్టారు. నూకలపేట తరఫున అసిరయ్యను పంపారు. పట్నంలో రెండు రోజులు నేర్పి, మెడలో వేసుకోవడానికి కార్డు ఇచ్చారు. చూడాలి, రాయాలి. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. చేస్తే కార్డు లాగేసుకుంటారు, రాసిన కాగితం చెల్లదు.

వీధిలో పైడమ్మ పకపకా నవ్వింది. "మాటాడకుండా కూకోడం అసిరయ్యకి నేర్పాలేటి? పుట్టిన కాణ్ణించి అదే పని గదా!"

ఓట్లకు ముందు రోజు సాయంత్రం నూకలపేట ఆడవాళ్లంతా గోరింటాకు పెట్టుకున్నారు. శుభమైన పనికి ఒట్టి చేతులతో వెళ్లకూడదని వాళ్ల పట్టింపు. కంచె దగ్గర ఆకు కోసి అప్పకు ఇచ్చింది అసిరయ్యే. ఆమె నూరింది, వేళ్లన్నిటికీ టోపీల్లా పెట్టుకుంది. శిక్షణలో ఎడమ చిటికెన వేలి సిరా గురించి అరపూట చెప్పారు. ఇంట్లో గోరింటాకు అతని కళ్లెదుటే ఉంది. రెండూ ఒకే బుర్రలో ఉన్నాయి, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఎంత చూపున్న మనిషికైనా సొంత ఇంట్లో కళ్లు కొంచెం నిద్రపోతాయి.

ఓట్ల గది ఏటికి అవతలి బడి. ఉన్న కుర్చీలన్నీ అధికారులకూ పార్టీ ఏజెంట్లకూ సరిపోతాయని తెలిసి, అసిరయ్య నన్ను మోసుకొచ్చాడు. పెట్టె కనిపించే మూలలో వేసుకుని కూర్చున్నాడు. నా మీద కూర్చున్నవాళ్లంతా చూసేవాళ్లే. కానీ భయపడుతూ చూసినవాడు ఇతనొక్కడే. అతని బరువు నాకు తెలుస్తుంది.

పది గంటలకు నూకలపేట పడవ వచ్చింది. అందరికంటే ముందు ఎర్నమ్మ. పెద్ద అధికారిణి డా టిన్ నూ ఆ బడి పంతులమ్మే. డా అంటే అక్కడ అమ్మగారు అన్నట్టు. జాబితాలో పేరు చూసింది, బాగానే ఉంది. ఎర్నమ్మ చెయ్యి పట్టుకుని, ఎర్రగా పండిన వేళ్లు చూసి ఆగిపోయింది.

ఒక ఏజెంటు లేచాడు. "ఆ రంగు కింద సిరా ఉందేమో ఎవరికి తెలుసు? ఇంకో ఊళ్లో వేసి, పైన పూసుకొచ్చి ఉండొచ్చు."

"లేదనుకుందాం. ఇప్పుడు మనం పెట్టే సిరా మాత్రం కనబడుతుందా దాని మీద?" అన్నాడు ఇంకొకడు.

పంతులమ్మ ఆ వేలిని వెలుగులోకి తిప్పి చూసింది. పైవాళ్లను అడగకుండా ఏదీ చేయకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న తరం ఆమెది. "పట్నానికి ఫోన్ చేసి అడుగుతాను. అందాకా పక్కన నిలబడండి," అంది. ఫోన్ కలవలేదు.

ఎర్నమ్మతో కలిపి నూకలపేట ఆడవాళ్లు పదకొండు మంది వరండాలో వరసగా నిలబడ్డారు. అది ఒట్టి ఆకు రంగని వాళ్లు చెప్పినా ఏజెంట్లు నమ్మలేదు. ఒకామె ఎక్కడినుంచో నిమ్మకాయలు తెచ్చింది. అందరూ వేళ్లు రుద్దుకున్నారు. ఎరుపు పోలేదు, నల్లగా తిరిగింది.

"ఓలమ్మో, ఇంకా పండిపోనాదే!"

"నిమ్మకాయేస్తే పండుద్దని మీ యమ్మ సెప్పనేదేటే? బుర్ర నేని గుంటా!"

నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

మోకాళ్ల నొప్పితో నిలబడలేక ఎర్నమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపల ఎవరినీ చూడలేదు. తమ్ముణ్ణి చూసింది.

"తమ్ముడా, ఉండమంటావేటి, ఎల్లిపోమంటావేటి?"

గదంతా అతని వైపు తిరిగింది. ఏజెంటు కళ్లు అతని మెడలో కార్డు మీద ఉన్నాయి. అసిరయ్య నా మీంచి లేచాడు, నాలుగు వేళ్లంత. ఆ కాస్త ఖాళీ నాకు ఇప్పటికీ తెలుసు. అది గోరింటాకు, నేనే కోసిచ్చాను అనే మాట అతని గొంతుదాకా వచ్చింది. చెబితే కార్డు పోతుంది, ఆ గదిలో చూసిందంతా చెల్లకుండా పోతుంది. మళ్లీ కూర్చున్నాడు. కళ్లు కాగితం మీదికి దించుకున్నాడు.

తల ఊపలేదు. కానీ ఆమె ఆ దించుకున్న కళ్లనే జవాబనుకుంది. "నీకు తెలిసినంత మాకేటి తెలుస్తాది," అని, ఎవరిమీదా కోపం లేకుండా మెట్లు దిగింది. మధ్యాహ్నం పడవకు వెళ్లిపోయింది. పైడమ్మ మాత్రం, "నన్ను మోసుకెళ్లి పారేసినా ఎల్లను," అని వరండాలో చతికిలబడింది. మిగతావాళ్లు ఆమె చుట్టూ కూర్చున్నారు.

అసిరయ్య రాశాడు. బడిలో నేర్చిన గుండ్రని బర్మా అక్షరాలు. ఎవరిని ఆపారు, ఎందుకు ఆపారు, ఏ గంటకు. ఆ రంగు ఒక ఆకు రసమనీ, ఊరి ఆడవాళ్ల ఆచారమనీ రాశాడు. ఒంటిగంటకు పరిశీలకుల కాగితాలు పోగుచేసేవాడు మోటారు సైకిలు మీద వచ్చి ఆ కాగితం పట్నం తీసుకెళ్లాడు.

నాలుగింటికి ఓట్లు ముగుస్తాయనగా, మూడు కొట్టే వేళకు పట్నం నుంచి మనిషి వచ్చాడు. జాబితాలో పేరు ఎదుట ఇప్పటికే సంతకం లేకపోతే ఓటు కాగితం ఇవ్వండి, వేలికి రంగుంటే సిరా మణికట్టు మీద పెట్టండి అన్నాడు. పంతులమ్మ ఊపిరి పీల్చుకున్న చప్పుడు నా దాకా వినిపించింది. పది మంది లోపలికి వచ్చారు. పది కాగితాలు పెట్టెలో పడ్డాయి.

పైడమ్మ ఓటేసి బయటికి పరుగెత్తింది. "ఎర్నప్పను తీసుకొత్తాను!" పడవ నూకలపేట ఒడ్డున ఉంది. నిండితే గాని అది కదలదు. ఆమె గట్టు మీద నిలబడి అరుస్తోంది, పడవవాడు చెయ్యి ఊపుతున్నాడు, ఇంకా నలుగురు రావాలని. అసిరయ్యకు కిటికీలోంచి ఇదంతా కనిపిస్తోంది. లెక్కింపు అయ్యేదాకా పరిశీలకుడు గది దాటకూడదు. ఒక కన్ను పెట్టె మీద, ఒక కన్ను ఏటి మీద. నీళ్ల మీద పడవ చిన్నగా, నల్లగా, కదలకుండా ఉంది. ఒక పడవ కోసం మనిషి ఒళ్లు అంతగా లాగుతుందని నాకు అంతకుముందు తెలియదు. నా మూడు కాళ్లూ మట్టినేలలోకి దిగాయి.

నాలుగింటికి తలుపు వేశారు.

లెక్కింపు సరిగా జరిగింది. అసిరయ్య అదే రాశాడు. ఆ గదిలో రాయాల్సిన మోసం ఒక్కటీ లేదు. మళ్లీ ఎన్నికలు ఐదేళ్లకు అన్నారు. అవి వస్తాయని ఎవరూ గట్టిగా అనలేదు, రావనీ అనలేదు.

మర్నాడు పొద్దెక్కాక ఇంటికి చేరాం. ఎర్నమ్మ పొయ్యి దగ్గర ఉంది. గోంగూర ఉడుకుతోంది.

"పెట్టెలో దొంగోట్లేవన్నా పడ్డాయేటి?" అంది వెనక్కి తిరగకుండా.

"నేదప్పా."

"మనోళ్లు ఏసేరా?"

"పది మంది."

ఆమె చేతిలో గరిటె కాసేపు ఆగింది. మళ్లీ కలిపింది.

అసిరయ్య నన్ను గోడవార దించాడు. రోజూ తినేటప్పుడు కూర్చునేది నా మీదే. ఆ పూట నేల మీద, అప్పకు ఎదురుగా చతికిలబడ్డాడు. ఆమె అతని కంచంలో అన్నం పెట్టింది, గోంగూర వేసింది, ఎండురొయ్యలు ఏరి అతని వైపే వేసింది. అతను వాటిలో సగం తీసి ఆమె కంచంలో పెట్టాడు. ఆమె వద్దనలేదు. తలలు వంచుకుని ఇద్దరూ తిన్నారు.