ఆగస్టు లెక్క

పిల్లల పేర్ల పక్కన పుట్టిన సంవత్సరాలు వేసుకుంటూ వస్తున్న వెర్నా స్టిడమ్ చెయ్యి పదహారో పేరు దగ్గర ఆగిపోయింది. కెల్సీ ఫ్యూగేట్. డిసెంబరు ఇరవై తొమ్మిది. వెర్నా కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. అద్దాలు తుడిస్తే తారీఖులు మారతాయా, పిచ్చి గానీ.

పైన్‌ఫోర్క్‌లో సూపర్ మార్కెట్ మూతపడ్డాక ఆ కట్టడంలోనే ఆమె చీర్‌లీడింగ్ జిమ్ పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఒకప్పుడు కూరగాయల అరలున్న చోట ఇప్పుడు నీలం చాపలు పరిచి ఉంటాయి. వర్షాకాలంలో వెనక గోడ నుంచి పాత ఉల్లిపాయల వాసన ఇంకా వస్తుంది. గనులు మూసేసిన ఊళ్ళో ఆడపిల్లలకి సాయంత్రం పూట పోవడానికి ఇంకో చోటంటూ లేదు. ఆటగాళ్ళ పక్కన నిలబడి చేతులూపి వచ్చే వ్యవహారం కాదిది. సాటి పిల్లని ఎత్తాలి, గాలిలోకి విసరాలి, మళ్ళీ నేల తాకకుండా పట్టుకోవాలి. అదంతా రెండున్నర నిమిషాల్లో, మొహాన నవ్వు చెదరకుండా చెయ్యాలి. చూసేవాళ్ళకి పైకెగిరిన పిల్లే కనిపిస్తుంది. ఆమె తలా భుజాలూ కాచుకుంటూ వెనక నిలబడే పిల్లని ఎవరూ చూడరు. పదకొండేళ్ళుగా వెర్నా జిమ్‌లో ఉన్న కెల్సీ, అందులో ఆరేళ్ళుగా ఆ వెనక నిలబడే పిల్ల.

పోటీల్లో జట్లను వయసును బట్టి విభజిస్తారు. ఆ వయసును ఎప్పుడూ ఆగస్టు ఆఖరి రోజుకి లెక్కగట్టేవారు. ఈ పనిలో ఉన్నవాళ్ళకి అది ఊపిరి పీల్చినంత అలవాటు. కొత్తగా చేరడానికి ఏ పిల్ల వచ్చినా, వెర్నా పేరు కూడా అడక్కముందే "ఆగస్టుకి నీకెన్నేళ్ళే?" అని అడుగుతుంది. ఈ మే నెలలో పోటీలు నడిపే పైఆఫీసు తెచ్చిన కొత్త రూలు ఆ ఆగస్టునే తీసి పారేసింది. ఇకమీదట పుట్టిన సంవత్సరమే లెక్క. ఈ ఏడాది డిసెంబరు ముప్పై ఒకటిలోగా పంతొమ్మిది నిండేవాళ్ళెవరూ పిల్లల విభాగంలో ఆడడానికి వీల్లేదు.

కెల్సీ ఇంకో మూడు రోజులు ఆగి పుట్టి ఉంటే సరిపోయేది.

ఇది ఎవరికో జరిగిన అన్యాయమైతే వెర్నా పైవాళ్ళని నాలుగు తిట్టి ఊరుకునేది. కానీ రూలు మార్చాలా వద్దా అని ఫిబ్రవరిలో ప్రతి జిమ్ యజమానినీ ఓటు అడిగారు. వెర్నా అవునని వేసింది. వెయ్యక? పెద్ద ఊళ్ళ జిమ్‌లు కాలేజీకి పోయే ఆడవాళ్ళని తెచ్చి పిల్లల విభాగంలో నిలబెడుతుంటే, తన పధ్నాలుగేళ్ళ పిల్లలు వాళ్ళ ముందు పిచ్చుకల్లా ఉండేవారు. ఏటా ఓడి, బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేవారు. ఆ రోజు ఓటు వేసేముందు తన జట్టునంతా వేళ్ళ మీద లెక్కేసింది. ఆగస్టుకి కెల్సీకి పద్దెనిమిదే. పర్వాలేదు, అనుకుంది.

నిరుడు మోకాలి ఆపరేషన్ వల్ల కెల్సీ సీజనంతా చాప పక్కన కుర్చీలోనే గడిపింది. డాక్టరు ఏప్రిల్లో సరేనన్నాడు. రాబోయే సీజనే ఆఖరుది. ఆ జిమ్‌లో ఒక ఆచారం ఉంది. వయసు దాటిన పిల్ల తన ఆఖరి పోటీ అయిన వెంటనే జుట్టుకి కట్టుకున్న రిబ్బన్ పువ్వు విప్పి చాప మధ్యలో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోతుంది. ఆడకుండా పెట్టడానికి లేదు. కెల్సీ అద్దం మూలన ఆ నీలం రిబ్బన్ పువ్వు ఏడాదిగా వేలాడుతోందని వాళ్ళమ్మ ఒకసారి చెప్పింది.

వెర్నా పైఆఫీసుకి ఫోన్ చేసింది. ఎవరికీ మినహాయింపు లేదన్నారు. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట. ఇక కెల్సీకి చెప్పక తప్పదు. చెప్పేటప్పుడు ఓటు సంగతి ఎత్తాలా వద్దా అన్నదే ఆమెని మూడు రోజులు తినేసింది.

గురువారం మధ్యాహ్నం దుకాణంలో పని ముగించుకుని కెల్సీ వచ్చింది. పొట్టిగా, బలంగా ఉంటుంది. ఎప్పుడూ అరచేతులు తొడలకి రుద్దుకుంటూ ఉంటుంది.

"పిలిచారట మిస్."

"కూర్చో తల్లీ. తిన్నావా?"

"ఏదో తిన్నాలెండి."

వెర్నా ఆ మాట చెవిన వేసుకోకుండా డబ్బా మూత తీసి, మొక్కజొన్న రొట్టె ముక్క ఆమె ముందుకి తోసింది. "కొత్త రూలు చూశావా?"

"చూశా."

"నువ్వు మాత్రం బెంగెట్టుకోకు. జట్టు మొత్తాన్నీ పెద్దవాళ్ళ విభాగానికి మార్చేస్తా. అక్కడ పై వయసు పట్టింపు లేదు."

"కింద వయసు పట్టింపు ఉందిగా. పదిహేను నిండనివాళ్ళు ఆడకూడదు. మరి మార్లీ ఏమవుతుంది? ఆ మిగతా ముగ్గురు పిల్లలూ?"

మార్లీ పదమూడేళ్ళ పిల్ల, జట్టులో పైకెగిరేది అదే. వెర్నా రొట్టె పొడి వేలితో కూడదీస్తూ, "చూద్దాంలే" అంది.

"ఇంకేం చూస్తారు మిస్? ఫిబ్రవరిలోనే చూసేశారుగా."

వెర్నా వేలు ఆగింది. "ఏంటే అది?"

"ఆ వేళ మీకు కంప్యూటర్ తెరుచుకోకపోతే నన్ను పిలిచారు. 'అవును' నొక్కమన్నారు. నొక్కింది నేనే. మర్చిపోయారా?"

నిజమే. కాలు స్టూలు మీద చాపుకుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న కెల్సీ అప్పుడు వెర్నా కళ్ళ ముందుకొచ్చింది.

"ఖాయమేనా మిస్ అని అడిగాను. 'ఆలోచించే చెబుతున్నా, నొక్కవే' అన్నారు." కెల్సీ గొంతు ఏమాత్రం పెరగలేదు. "అందులో ఎవరెవరు ఆడొచ్చో పుట్టిన సంవత్సరాల పట్టిక ఉంది. నా సంవత్సరం లేదు. మీరూ చూశారనుకున్నా. ఒక్కదాని కోసం ఇంతమంది పిల్లల్ని ఓడించడం ఎందుకని తేల్చుకున్నారనుకున్నా. నాకూ న్యాయంగానే అనిపించింది. అందుకే రైలీకి నా చోటు నేర్పించా."

మార్చి నుంచి కెల్సీ రోజూ రైలీ అనే పిల్లని పక్కన నిలబెట్టుకుని, భుజం ఎక్కడ పట్టాలో, కళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పుతూనే ఉంది. ఎంత మంచి మనసో అని వెర్నా మురిసిపోయింది, అందరికీ చెప్పుకుంది కూడా.

ఊరుకుంటే సరిపోయేది. ఆలోచించి, గుండె రాయి చేసుకుని చిన్నపిల్లల కోసం చేశానని ఒప్పుకుంటే ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయేది. తన పెద్దరికమూ నిలిచేది. వెర్నా ఒక్క క్షణం దానికి ఆశపడింది కూడా. అబద్ధం ఎందుకు?

"నాకు తెలీదే" అంది. "ఆ పట్టిక నేను చదవలేదు. ఆగస్టు లెక్కన వేసుకున్నా. ఆగస్టుకి నీకు పద్దెనిమిదే కదా, పర్లేదనుకున్నా."

పిల్లల పుట్టినరోజులు రాసి ఉన్న గోడ వైపు వెర్నా చెయ్యి చూపించింది.

"నీ పుట్టినరోజు ఆ గోడ మీద నా చేత్తో నేనే రాశాను. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. క్రిస్మస్ వారం జిమ్ మూసి ఉంటుందని ఒక్కసారి కూడా నీకు కేకు కొయ్యలేదు. అందరి తారీఖులూ నోటికొచ్చు, నీది తప్ప. తప్పు నాదే తల్లీ."

కెల్సీ రొట్టె ముక్కని పక్కకి తోసింది.

"ఒక్క ముక్క చదివుంటే అయిపోయేది కదా మిస్." కెల్సీ అరచేతులు తొడలకి రుద్దుకుంది. "తెలిసుంటే ఏం నొక్కమనేవారు?"

వెర్నా ఆలోచించింది. మార్లీ, రైలీ, మిగతా పిల్లలందరూ మనసులో మెదిలారు. "కాదనే నొక్కమనేదాన్ని. అది తప్పయ్యేది. అయినా కాదనే అనేదాన్ని."

ఆ మాటకి కెల్సీ మొహం ముడుచుకుపోయింది. రెండు చేతులతో కళ్ళు కప్పుకుని, "మూడు నెలలు మిస్" అంది. "మీరు నన్ను తెలిసే పంపించేశారనుకుని మూడు నెలలు తిరిగాను. మీరే చెబుతారని రోజూ కాచుకున్నా."

వెర్నా లేచి వెళ్ళి ఆ పిల్ల తలని పొట్టకి అదుముకుంది. ఇద్దరూ ఏడ్చారు. రొట్టె చల్లారిపోయింది.

శనివారం పొద్దున వెర్నా జట్టునంతా పూర్తి దుస్తుల్లో రమ్మంది. తల్లిదండ్రులు మడత కుర్చీలు తెచ్చుకున్నారు. జడ్జీలు లేరు, పోటీ లేదు. నిరుడు ఆడిన ఆటే మళ్ళీ మొదటినుంచి చివరిదాకా ఆడతారని, వెనక చోటులో కెల్సీ నిలబడుతుందని మాత్రం చెప్పింది. రైలీ ఏమీ అడక్కుండా పక్కకి జరిగింది. కెల్సీ జుట్టుకి నీలం రిబ్బన్ పువ్వు కొత్తదానిలాగే ఉంది.

వెర్నా పాట పెట్టబోతుంటే కెల్సీ చెయ్యెత్తింది. "పాట వద్దు మిస్. కుర్చీలో కూర్చుని ఏడాదంతా మీరు అడుగులకి పెట్టే లెక్కే విన్నా. నాకు ఆట అలాగే వచ్చు. మీరే లెక్కపెట్టండి."

"సరే."

"ఈసారి సరిగ్గా పెట్టండి."

పిల్లలు కొందరు కిసుక్కున నవ్వారు. సంగతేమిటో వాళ్ళకి తెలీదు. వెర్నా గొంతు సవరించుకుని ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని అందుకుంది.

ఎనిమిదేసి చొప్పున లెక్క సాగింది. నీలం చాపల మీద పాదాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మూడోసారి పైకి లేచినప్పుడు మార్లీ కాలు వణికింది. నడుము పక్కకి ఒరిగి, పిల్ల వెల్లకిలా జారింది. కుర్చీల్లో ఒక తల్లి లేచి నిలబడింది. కెల్సీ అప్పటికే అక్కడుంది. మార్లీ భుజాలు ఆమె చేతుల్లో పడ్డాయి, తల ఆమె ఛాతీకి ఆనింది. లెక్క తప్పలేదు. ఏడుకి మార్లీని నిలబెట్టి, ఎనిమిదికి కెల్సీ తన చోటికి వెళ్ళిపోయింది.

ఆఖరి ఎనిమిదికి అందరూ చేతులెత్తి ఆగారు. కెల్సీ రొప్పుతూ నడిచి మధ్యకి వచ్చింది. రిబ్బన్ ముడి బిగుసుకుపోయింది. విప్పడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ సాయానికి రాలేదు. రావడం ఆచారం కాదు.

కెల్సీ వంగి రిబ్బన్ పువ్వుని చాప మీద పెట్టింది. వెర్నా ఇంకా లెక్కపెడుతూనే ఉంది. ఆట అయిపోయి ఎనిమిదులు రెండు దాటినా ఆమె పెదాలు ఆగలేదు, గొంతు మాత్రం పోయింది.

వెనక్కి చూడకూడని పిల్ల గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"చాలు మిస్" అంది. "అయిపోయింది."